ఫిట్జెరాల్డ్ గారి పర్మనెంటు ఉద్యోగం - ఒక కంప్యూటర్ తప్పు

గవర్నమెంటు ఉద్యోగం వస్తే చాలు, ఇంక ఎవడూ పీకలేడు అని మన పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. చాలావరకు నిజమే. ఇండియాలోనే కాదు, అమెరికాలో కూడా ఫెడరల్ ఉద్యోగిని పీకడం అంత తేలిక కాదు. మరి అలాంటి ఉద్యోగి ఒకాయన పైవాళ్ళకి ఇబ్బంది కలిగించే నిజం ఒకటి పదిమందిలో చెప్పేశాడనుకోండి, అప్పుడేం చేస్తారు? మన దగ్గర దానికి మాటలకేం కొదవ లేదు. లూప్ లైన్లో పడేశారంటాం, శంకరగిరి మాన్యాలు పట్టించారంటాం, కుర్చీ ఇచ్చారు గానీ ఫైలు ఇవ్వలేదంటాం. మన సాఫ్ట్‌వేర్ జనాలకైతే 'బెంచి' అన్న ఒక్క ముక్క చాలు. అన్నింట్లోనూ ఉన్న కిటుకు ఒకటే. జీతం ఆగదు, పని ఆగిపోతుంది. జీతం ఆగలేదు కాబట్టి ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ ఉండదు. పని లేదు కాబట్టి మళ్ళీ నోరు విప్పడానికీ ఏమీ ఉండదు.

ఈ విద్యలో ఆరితేరిన సంస్థ ఏది అని నన్నడిగితే అమెరికా రక్షణ శాఖ పేరు చెబుతాను. చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం ఎర్నెస్ట్ ఫిట్జెరాల్డ్ అనే ఆయన కథ. మామూలుగా ఈ కథని అధ్యక్షుడు నిక్సన్‌కీ ఒక చిరుద్యోగికీ జరిగిన పోరాటంగా చెబుతుంటారు. నాకు మాత్రం అందులో నిక్సన్ కంటే ఆసక్తికరంగా అనిపించింది వేరే ఉంది. ఆ మనిషిని వదిలించుకోవడానికి ఎన్ని రకాల కాయితాలు పుట్టించారో, వాటి మీద ఎంతమంది సంతకాలు పెట్టారో, చివరికి "ఇది చేసింది నేనే" అన్నవాడు ఒక్కడు కూడా ఎలా మిగలకుండా పోయాడో, అదీ అసలు కథ.

ఫిట్జెరాల్డ్ అలబామా మనిషి. 1926లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేసి, తర్వాత ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివి, కంపెనీలకి ఖర్చులు తగ్గించుకోవడం మీద సలహాలిచ్చే పనిలో స్థిరపడ్డాడు. 1965లో వాయుసేన వాళ్ళు ఆయన్ని పిలిచి పెంటగాన్‌లో మేనేజ్‌మెంట్ సిస్టమ్స్ డిప్యూటీగా పెట్టుకున్నారు. అంటే సైనికుడు కాదు, సివిలియన్. ఆయుధాల కొనుగోళ్ళలో డబ్బు ఎక్కడ కారిపోతోందో చూడడం ఆయన పని. గమనించండి, ఈయన బయటినుంచి వచ్చి తొంగిచూసినవాడు కాదు. ఆ పని కోసమే జీతమిచ్చి తెచ్చుకున్నారు.

ఆయన పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మనందరం రోజూ ఎస్టిమేట్లు వేసేవాళ్ళమే. అప్పట్లో (ఇప్పుడు మాత్రం ఏం తక్కువ!) కొత్త విమానానికి ఎంతవుతుందో తేల్చడానికి పాత విమానానికి ఎంతయిందో చూసేవారు. పాతదానికి ఇంతయింది, కొత్తది ఇంత పెద్దది, కాబట్టి ఇంత అవుతుంది. చూడడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. ఫిట్జెరాల్డ్ వాదన ఏంటంటే, పాతదాంట్లో దుబారా జరిగి ఉంటే ఆ దుబారా కూడా లెక్కలో కలిసిపోయి కొత్తదానికి కనీస ధర అయి కూర్చుంటుంది అని. కిందటి ప్రాజెక్టు ఆరు నెలలు పట్టింది, అందులో మూడు నెలలు ఎవరిదో అప్రూవల్ కోసం ఎదురుచూపులే, అయినా ఈ ప్రాజెక్టుకీ ఆరు నెలలు వేసేస్తాం కదా, అచ్చం అలాగే. అందుకని ఆయన "ఎంతవుతుంది" అని కాదు, "ఎంతవ్వాలి" అని లెక్క కట్టాలన్నాడు. ఫ్యాక్టరీలోకి వెళ్ళి, ఏ పనికి ఎంత టైము పట్టాలో కొలిచి, అక్కణ్ణించి పైకి లెక్కేసుకుంటూ రావాలి. 1967లో ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళు ఎఫ్-111 విమానానికి తయారు చేస్తున్న ఇంజన్ మీద ఇలాంటి పరిశీలనే జరిగింది. ఇలాంటి పనితో కాంట్రాక్టర్లకి కోపం వస్తుందనేది ఊహించదగ్గదే. కానీ కొనేవాడికి కూడా వచ్చింది. అదేంటో మొదట్లో నాకూ అర్థం కాలేదు. బడ్జెట్ అడిగి తెచ్చుకున్న ఆఫీసరుకి, ఇందులో సగం అక్కర్లేదు అని చెప్పేవాడు మిత్రుడెలా అవుతాడు?

ఇక విమానం సంగతి. సీ-5ఏ గెలాక్సీ. ట్యాంకుల్ని కూడా కడుపులో పెట్టుకుని సముద్రాలు దాటించే రాక్షసి విమానం. 1965లో లాక్‌హీడ్ కంపెనీకి, బోయింగ్‌నీ డగ్లస్‌నీ కాదని, కాంట్రాక్టు దక్కింది. డిజైను, అభివృద్ధి, తయారీ అన్నీ కలిపి ముందే ఒకే ధరకి ఒప్పందం. ఖర్చు పెరిగితే అది కంపెనీ నెత్తి మీదే పడుతుంది, ప్రభుత్వానికి చింత లేదు అని రక్షణ శాఖ గొప్పగా చెప్పుకున్న కొత్త పద్ధతి అది. మన భాషలో ఫిక్స్‌డ్ బిడ్ అన్నమాట. అయితే లోపల ఒక చిన్న ఫార్ములా ఉంది. మొదటి విడత విమానాలకి ఖర్చు అంచనా దాటితే, దాన్నిబట్టి రెండో విడత ధరని పెంచుకోవచ్చు. అంటే మొదటి విడతలో ఎంత తగలేస్తే రెండో విడత అంత లాభసాటి. ఫిక్స్‌డ్ బిడ్ అని పైన రాసి లోపల ఇలాంటి క్లాజు పెట్టుకున్నవాడికి దండం పెట్టాలి.

1966, 67 నాటికే ఖర్చు చెయ్యి దాటిపోతోందని లోపలివాళ్ళకి తెలుసు. కానీ రిపోర్టులు మాత్రం పచ్చగా ఉండేవి. ప్రాజెక్ట్ స్టేటస్ పుచ్చకాయలా ఉంటుందని మనవాళ్ళు అంటారే, పైకి పచ్చన, కోస్తే ఎర్రన. 1969లో ఒక వాయుసేన కల్నల్ కాంగ్రెస్ ముందు చెప్పిన దాన్నిబట్టి, ఆ అంకెలు బయటపడితే స్టాక్ మార్కెట్లో లాక్‌హీడ్ పరిస్థితికి ఇబ్బంది అనే ఆలోచన కూడా వాటిని దాచడం వెనక ఉంది. అంటే సర్కారీ రిపోర్టులో అంకె ప్రైవేటు కంపెనీ షేరు కోసం మారింది!

1968 నవంబర్ 13. విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ (తర్వాత్తర్వాత ప్రభుత్వ దుబారాకి నెలనెలా వెక్కిరింపు అవార్డు ఇచ్చిన పెద్దమనిషి ఈయనే) తన సబ్‌కమిటీ ముందుకి ఫిట్జెరాల్డ్‌ని పిలిచాడు. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వడానికి వీల్లేదని పైవాళ్ళు అడ్డుకున్నారు, ఉత్త చేతులతో వెళ్ళాడు. సీ-5ఏ ఖర్చు అంచనా కంటే 200 కోట్ల డాలర్లు పెరిగిందట, నిజమేనా అని ప్రాక్స్‌మైర్ అడిగాడు. కొద్దిగా అటూ ఇటూగా అంత ఉండొచ్చు అన్నాడు ఈయన. తయారీలో ఊహించని సాంకేతిక సమస్యలు వచ్చాయని కూడా చెప్పాడు. అంతే. రహస్య కాయితాలు బయటపెట్టలేదు, పత్రికలకి అర్ధరాత్రి ఫోన్లు చెయ్యలేదు. దేశ చట్టసభ అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పలేదు, అంతకుమించి ఏం చెయ్యలేదు. నా లెక్కలో విజిల్ ఊదడం కూడా కాదది. ఎవరో ఊది చేతిలో పెట్టిన విజిల్ని కాదనకపోవడం.

పన్నెండు రోజులు గడిచాయి. ఆయనకి ఒక కబురొచ్చింది. రెండు నెలల కిందట, సెప్టెంబరులో, ఆయన ఉద్యోగం పర్మనెంటు అయిందని సివిల్ సర్వీసు నుంచి కాయితం అందింది. ఆ కాయితం పొరపాటుగా వచ్చిందట. ఎవరి పొరపాటయ్యా అంటే, కంప్యూటర్ పొరపాటట!

ఇక్కడ చదువుతున్న ప్రతివాళ్ళూ ఒక్క క్షణం ఆగాలి. 1968. పంచ్ కార్డుల కాలం. మామూలు మనిషి కంప్యూటర్ని సినిమాలో తప్ప చూసి ఉండడు. అప్పటికే "సిస్టమ్‌లో తప్పు పడిందండీ" అనే మాట పుట్టేసింది! ఈ మాటలో ఉన్న సుఖం ఏంటంటే, తప్పు జరిగింది గానీ చేసినవాడు లేడు. మన వృత్తిలో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, తనంతట తాను తప్పు చేసిన కంప్యూటర్ నాకింకా తగల్లేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒక చోట ఏదో టైపు చేసి ఉంటారు.

ఆ తర్వాత పనులు మారాయి. పెద్ద ఆయుధాల ప్రాజెక్టుల మీటింగులకి పిలుపులు రావడం మానేశాయి. థాయ్‌లాండ్‌లో వాయుసేన స్థావరంలోని బౌలింగ్ ఆటస్థలం ఖర్చులూ, భోజనశాలల ఖర్చులూ పరిశీలించమన్నారు. వందల కోట్ల లెక్కలు చూసేవాణ్ణి తీసుకెళ్ళి కిరాణాకొట్టు చిట్టా చూడమన్నట్టు. ఇందులో కూడా తప్పు పట్టలేం చూడండి, బౌలింగ్‌కి పెట్టేదీ ప్రజల డబ్బే కదా, దాన్ని కూడా ఎవరో ఒకరు చూడాలి కదా అంటారు.

1969 జనవరిలో, అంటే సాక్ష్యం చెప్పి రెండు నెలలు తిరక్కుండానే, వాయుసేన కార్యదర్శి ఆఫీసులో ఒక మెమో తయారైంది. ఫిట్జెరాల్డ్‌ని వదిలించుకోవడానికి ఏయే మార్గాలున్నాయి అన్నది విషయం. మూడు మార్గాలు రాసి, వాటిలో ఒకదాని గురించి, ఇది కాస్త దొంగదెబ్బలా ఉంటుంది అని కూడా అందులోనే రాశారు. ఆ రాసినాయన నిజాయితీకి మెచ్చుకోవాలి. ఇంకోపక్క వాయుసేన దర్యాప్తు విభాగం వాళ్ళు ఈయన మీద ఫైలు తెరిచారు. పాత కంపెనీతో లాలూచీ ఏమైనా ఉందా, అలవాట్లు ఎలాంటివి అని ఆరా తీశారు. చివరికి దొరికిన నేరాల్లో ఒకటేంటంటే, మనిషి పిసినారి, పాత రాంబ్లర్ కారు నడుపుతాడు అని. ప్రభుత్వ ఖర్చులు తగ్గించడానికి పెట్టుకున్న మనిషి సొంత ఖర్చుల్లో కూడా పొదుపరి అని తేలడం ప్రతికూల సమాచారం కింద నమోదైంది. ఏం చెయ్యమంటారు!

1969 నవంబర్‌లో నోటీసు వచ్చింది. ఆయన్ని తీసెయ్యట్లేదు. ఆయన ఉద్యోగాన్ని తీసేస్తున్నారు. శాఖ పునర్వ్యవస్థీకరణలో భాగంగా ఆ పోస్టు రద్దయింది, పోస్టు లేదు కాబట్టి అందులో ఉన్న మనిషి కూడా 1970 జనవరి నుంచి లేడు. ఎందుకు పునర్వ్యవస్థీకరణ అంటే, పొదుపు కోసం, సమర్థత కోసం. పొదుపు చెయ్యమన్న మనిషిని పొదుపు పేరు చెప్పి పంపించారు. ఇది నేను కలిపిన మసాలా కాదు, తర్వాత సుప్రీంకోర్టు తీర్పులో కూడా వాయుసేన చెప్పిన కారణంగా ఇదే రాసుంది.

ఇప్పటిదాకా చెప్పిన కాయితాలన్నీ విడివిడిగా చూడండి. పర్మనెంటు రద్దు: గుమాస్తా పని సవరణ. బౌలింగ్ పరిశీలన: మామూలు పని కేటాయింపు. దర్యాప్తు: భద్రతా నియమం. పోస్టు రద్దు: పరిపాలనా నిర్ణయం. ఏ ఒక్కదాన్నీ కోర్టులో తప్పని నిరూపించడం కష్టం. ప్రతి మాడ్యూలూ యూనిట్ టెస్టు పాసవుతుంది. ఇంటిగ్రేషన్‌లో మాత్రం మనిషి మాయమవుతాడు.

ఈలోగా ప్రభుత్వం మారింది. సాక్ష్యం చెప్పింది జాన్సన్ ఏలుబడిలో, ఉద్యోగం పోయింది నిక్సన్ ఏలుబడిలో. ఇది కూడా గమనించదగ్గదే. పార్టీ మారింది, అధ్యక్షుడు మారాడు, వాయుసేన కార్యదర్శి మారాడు, ఆ మెమోలో మొదలైన పని మాత్రం ఎక్కడా ఆగలేదు. 1969 డిసెంబర్‌లో విలేఖరుల సమావేశంలో ఎవరో అడిగితే, చూస్తాను అన్నాడు నిక్సన్. బడ్జెట్ ఆఫీసులో ఎక్కడైనా సర్దుదామా అని వైట్‌హౌస్‌లో ఒక ఆలోచన నడిచింది కూడా. అప్పుడు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే సహాయకుడు 1970 జనవరి 20న ఒక మెమో రాశాడు. దాని సారాంశం: ఖర్చుల విషయంలో ఈయన మొనగాడే, సందేహం లేదు, కానీ విధేయతలో బాగా తక్కువ మార్కులు, ఇక్కడ ఆట అంతా విధేయతదే, కాబట్టి కొంతకాలం రక్తం కారనిద్దాం. ఇంత స్పష్టంగా రాసుకున్న కాయితం ఏ దేశ చరిత్రలోనైనా అరుదు. పనితనం లేదని కాదు తీసేసింది. పనితనం ఉందని ఒప్పుకునే తీసేశారు.

(అన్నట్టు, 1973 జూలైలో సెనేట్ కమిటీ ముందు కూర్చుని, వైట్‌హౌస్‌లో మాటలన్నీ టేపుల్లో రికార్డవుతున్నాయి అని బయటపెట్టి నిక్సన్ కొంప ముంచింది కూడా ఈ బటర్‌ఫీల్డే. అడిగిన ప్రశ్నకి నిజం చెప్పాడు. విధేయతలో ఎన్ని మార్కులు వేసుకున్నాడో తెలీదు గానీ.)

ఫిట్జెరాల్డ్ ఊరుకోలేదు. సివిల్ సర్వీస్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. వాళ్ళు విచారణ తలుపులు మూసి చేస్తామన్నారు. ఒప్పుకోకుండా, బహిరంగంగానే జరగాలని కోర్టుకెళ్ళి గెలిచాడు. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికే 1972 దాకా పట్టింది. ఈ మధ్యకాలంలో ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. పెంటగాన్ వదిలించుకున్నవాణ్ణి, పెంటగాన్ ఆర్డర్ల మీద బతికే కంపెనీలేవీ కన్సల్టెంటుగా పెట్టుకోవు. అటు లాక్‌హీడ్‌కి మాత్రం ఆ ఇబ్బంది లేదు. 1971లో కంపెనీ మునిగిపోయే స్థితికొస్తే ప్రభుత్వమే 25 కోట్ల డాలర్ల అప్పుకి హామీ నిలబడింది. సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది ఆ బిల్లు.

1973 జనవరి 30న వాయుసేన కార్యదర్శి రాబర్ట్ సీమన్స్ విచారణకొచ్చాడు. వైట్‌హౌస్ నుంచి ఏమైనా సలహా వచ్చిందా అంటే, అది చెప్పకుండా ఉండే హక్కు నాకుంది అన్నాడు. మర్నాడే విలేఖరులు నిక్సన్‌ని అడిగారు. ఎవరూ ఊహించని జవాబిచ్చాడాయన. కిందివాళ్ళెవరో తీసుకున్న నిర్ణయం కాదు, నా ముందుకొచ్చింది, నేనే తీసుకున్నాను, దానికే కట్టుబడి ఉన్నాను అని! ఈ మొత్తం కథలో "నేనే చేశాను" అన్న ఒకే ఒక్క మనిషి. అదీ ఒక్క రోజు ముచ్చటే. తెల్లారేసరికి వైట్‌హౌస్ ప్రతినిధి వచ్చి, అధ్యక్షులవారు పొరబడ్డారు, ఇంకెవరినో అనుకుని ఈయన గురించి అలా చెప్పారు అని సర్దేశాడు.

పొరబడ్డాడా లేదా అన్నది ఇప్పటికీ వాదనే. ఆ రోజుల టేపుల్లో, ఆ వెధవని వదిలించుకోమని నేను రాశాను అని నిక్సన్ తన మనిషి కాల్సన్‌తో అన్నది ఉంది (నేను వెధవ అని మర్యాదగా రాశాను గానీ ఆయన వాడిన మాట ఇంతకంటే ఘాటైనది). ఎర్లిక్‌మన్‌తో మాటల్లో ఇంకొకటుంది. ఖర్చు పెరిగిందని చెప్పడం కాదు సమస్య, ఆ మాట పదిమందిలో చెప్పడం సమస్య అని. ఆ సంభాషణలోనే ఎర్లిక్‌మన్ వివరంగా చెప్పాక నిక్సన్ తాను వేరే కేసుతో కలగాపులగం చేసుకున్నట్టు ఒప్పుకున్నట్టుగా కూడా ఉంది, కాబట్టి పూర్తిగా ఆయన నెత్తినే రుద్దడం న్యాయం కాదు. నాకు ఇక్కడ భయం కలిగించేది వేరు. అధ్యక్షుడికి కూడా గుర్తులేనంత మామూలు వ్యవహారమా ఇది? ఇలాంటివి ఇంకెన్ని ఉంటే ఒకటి ఇంకోదానితో కలిసిపోయింది?

1973 సెప్టెంబర్‌లో కమిషన్ విచారణాధికారి తీర్పిచ్చాడు. పోస్టు రద్దు బూటకం, ఆయన మీదున్న వ్యక్తిగత కారణాలతో చేశారు, కాబట్టి చెల్లదు, పాత జీతం బకాయిలతో సహా ఉద్యోగం ఇవ్వాలి. బావుంది కదా! అయితే అదే తీర్పులో, కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పినందుకు కక్ష తీర్చుకున్నారు అనడానికి మాత్రం ఆధారం చాలదు అన్నాడు. మరి ఆ వ్యక్తిగత కారణాలు ఎక్కణ్ణించి పుట్టాయో ఆయనకే తెలియాలి.

సరే, ఉద్యోగం వచ్చింది. జీతమూ హోదా సరిసమానమే. పని మాత్రం అది కాదు. పెద్ద ఆయుధాల కొనుగోళ్ళ దగ్గరికి రానివ్వలేదు. గెలిచినవాణ్ణి మళ్ళీ పక్కన కూర్చోబెట్టడం అంటే ఇదే. కోర్టులు జీతం ఇప్పించగలవు, కుర్చీ ఇప్పించగలవు. ఫలానా మీటింగుకి పిలవండి, ఫలానా రిపోర్టు ఈయనకి చూపించండి అని ఏ కోర్టు ఎన్నిసార్లు చెప్పగలదు? పాత పోస్టు, పాత బాధ్యతలతో సహా, చేతికొచ్చింది 1982లో. సాక్ష్యం చెప్పినప్పటి నుంచి పద్నాలుగేళ్ళు.

అదే 1982లో ఇంకోటి జరిగింది. ఆయన 1974లోనే నష్టపరిహారం దావా వేశాడు, తర్వాత 1978లో అందులో నిక్సన్ పేరు కూడా చేర్చాడు. అది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. అధ్యక్షుడు తన అధికార హోదాలో చేసిన పనులకి నష్టపరిహారం దావా వెయ్యడానికి వీల్లేదు, ఎప్పటికీ, ఏ పరిస్థితిలోనూ అని తేల్చారు. దీనికి ముందే ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. నిక్సన్ 1,42,000 డాలర్లు ఇచ్చేశాడు, కోర్టులో ఓడితే ఇంకో 28,000 ఇవ్వాలని షరతు. ఓడలేదు, ఆ 28,000 మిగిలాయి.

నిక్సన్ సహాయకుడు హార్లో మీద వేసిన జంట కేసులో తీర్పు ఇంకా దూరం వెళ్ళింది. మామూలు అధికారి ఎవరైనా, అప్పటికే స్పష్టంగా స్థిరపడిన హక్కుని ఉల్లంఘిస్తే తప్ప, దావా నుంచి రక్షణ ఉంటుందన్నారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అమెరికా అంతా పోలీసులకున్న రక్షణ గురించి వాదించుకుంది చూడండి, ఆ రక్షణ ఈ రూపంలో స్థిరపడింది హార్లో వర్సెస్ ఫిట్జెరాల్డ్ తీర్పుతోనే. తనని తొక్కినవాళ్ళని జవాబుదారీ చెయ్యాలని పోరాడిన మనిషి పేరు, అధికారులని కోర్టుల నుంచి కాపాడే సిద్ధాంతానికి శాశ్వతంగా అతుక్కుపోయింది. ఇంతకంటే క్రూరమైన ఫలితం నాకు తెలిసి ఏ వాది కేసులోనూ లేదు.

అయితే ఆయన వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. 1978 సివిల్ సర్వీస్ సంస్కరణల చట్టంలో, 1989 విజిల్‌బ్లోయర్ రక్షణ చట్టంలో ఆయన కథ ప్రభావం ఉంది. 1980ల్లో వందల డాలర్ల సుత్తుల గోల లేచినప్పుడు మళ్ళీ ఆయన గొంతు వినబడింది. అయోవా సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ ఈయన్ని సాక్ష్యానికి పిలిపిస్తే పెంటగాన్ అడ్డుపడింది, దాంతో ఆ సెనేటర్ తన నారింజరంగు షెవెట్ కారేసుకుని తనే పెంటగాన్‌కి బయల్దేరాడు. 1987లో ఇంకో తమాషా. ఉద్యోగులందరూ ఒక గోప్యతా పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. రహస్య సమాచారం బయటపెట్టం అంటే ఎవరైనా పెడతారు. ఇందులో రహస్యం కాకపోయినా "రహస్యం కాదగ్గ" సమాచారం అని ఉంది. అంటే ఇవాళ మీరు చెప్పింది రేపు రహస్యమని ముద్ర వేస్తే మీరు నిన్న తప్పు చేసినట్టు! ఈయన పెట్టనన్నాడు. కాంగ్రెస్ సభ్యులు కలగజేసుకుని ఆ మాట మీద అభ్యంతరం చెప్పి, చివరికి నిధుల బిల్లులోనే అడ్డుకట్ట వేశారు.

ఇదంతా పాతకాలపు ముచ్చట, ఇప్పుడు చట్టాలున్నాయి కదా అనుకునేవాళ్ళ కోసం ఒక్క పేరు చెబుతాను. బన్నటైన్ గ్రీన్‌హౌస్. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగంలో కాంట్రాక్టుల మీద అత్యున్నత సివిలియన్ అధికారిణి. 2003లో ఇరాక్ చమురు పనులు హాలిబర్టన్ వాళ్ళ కేబీఆర్‌కి పోటీ లేకుండా, అయిదేళ్ళ గడువుతో కట్టబెడుతుంటే, ఒప్పుకోనని ఆ కాయితం మీదే పెన్నుతో తన అభ్యంతరం రాసింది. ఆవిడ విషయంలో కంప్యూటర్ తప్పులేం పడలేదు. అప్రైజల్ వచ్చింది. అంతకుముందు మంచి రేటింగులు తెచ్చుకున్న మనిషికి హఠాత్తుగా పనితనం తగ్గిపోయింది. 2005 జూన్‌లో డెమొక్రాట్ సెనేటర్ల ముందు మాట్లాడింది, ఆగస్టుకల్లా పనితీరు బాలేదని హోదా తగ్గించేశారు. 2011లో 9,70,000 డాలర్లకి రాజీ చేసుకున్నారు. చట్టాలొచ్చాక పద్ధతి మెరుగుపడిందంటే ఇదే కాబోలు. పోస్టు రద్దు చేస్తే కనబడుతుంది, రేటింగ్ తగ్గిస్తే కనబడదు. రేటింగ్ మీద కోర్టుకెళ్ళి ఎవరు నెగ్గారు చెప్పండి?

సీ-5ఏ విమానాలు 120 దాకా కొందామనుకున్నవాళ్ళు చివరికి 81 దగ్గర ఆపేశారు. వాటి రెక్కలు అనుకున్నన్నాళ్ళు ఉండవని తేలింది. 1980ల్లో, అంటే ఫిట్జెరాల్డ్ తన పాత కుర్చీలో మళ్ళీ కూర్చున్న రోజుల్లోనే, 77 విమానాలకి రెక్కలు ఊడదీసి కొత్తవి వేశారు. దానికి అయిన ఖర్చు 100 కోట్ల డాలర్ల పైమాటే. కొత్త రెక్కల పని కూడా లాక్‌హీడ్‌కే ఇచ్చారు.

ఆయన 2006 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. అప్పటికి వయసు 79. 2019 జనవరి 31న పోయాడు.